వాపూ, బలుపూ: కొవ్వు కణం తన పని మరిచే తీరు

వాపు చూసి బలుపనుకోవద్దని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఒంటికి నీరు పట్టి ఉబ్బిన మనిషిని చూసి, పుష్టిగా ఉన్నాడని మురిసిపోవద్దని దాని అర్థం. గత ముప్పై ఏళ్ళ ఊబకాయ పరిశోధన ఈ సామెతకు ఇంకో అర్థం చేర్చింది. బలుపులోనే వాపు ఉంది. అది కంటికి ఆనదు, ఎర్రబడదు, సలపదు, జ్వరం తెప్పించదు. ఊబకాయం ఉన్నవారి కొవ్వులోంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే మాత్రం, గాయమైన చోట మూగినట్టు రోగనిరోధక కణాలు మూగి ఉంటాయి. వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే. ఈ వ్యాసంలో వాపు అన్న చోటల్లా దాన్నే గుర్తుపెట్టుకోవాలి.

ఈ వాపు కొవ్వు కణంలోని జన్యువులను ఏం చేస్తుంది? నాలుగు దశాబ్దాల ఫలితాలను వరసగా పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది. వాపు కొన్ని చెడ్డ జన్యువులను మేల్కొల్పుతుందన్నది అందరికీ తెలిసిన సగం. అంతకంటే పెద్ద నష్టం రెండో సగంలో ఉంది. వాపు తగిలిన కొవ్వు కణం తాను కొవ్వు కణమన్న సంగతినే కొంచెం కొంచెంగా మరిచిపోతుంది. ఆ మరుపులో కొంత, బరువు తగ్గిన తర్వాత కూడా పోదు.

గాదె చేసే పని

కొవ్వును మనం దండగమారి బరువుగా చూస్తాం. నిజానికి అది ఒంటికి గాదె. తిన్నదాంట్లో మిగిలిన శక్తిని కొవ్వు రూపంలో భద్రంగా దాచి, పస్తు వేళ కొలిచి తీసి ఇస్తుంది. గాదె లేకపోతే ధాన్యం ఇంటినిండా చెల్లాచెదురవుతుంది. లైపోడిస్ట్రోఫీ అనే అరుదైన జబ్బులో జరిగేది అదే. ఆ రోగుల ఒంట్లో కొవ్వు కణజాలం ఉండదు, లేదా బాగా తక్కువ. దాచుకునే చోటు లేక కొవ్వంతా కాలేయంలో, కండరాల్లో పేరుకుంటుంది. చూడడానికి సన్నగా ఉన్నా వారికి తీవ్రమైన మధుమేహం వస్తుంది. కొవ్వు ఎక్కువైనా మధుమేహమే, అసలు లేకపోయినా మధుమేహమే. దీన్నిబట్టి, ఎంత కొవ్వుందన్న దానితోపాటు ఆ కొవ్వు తన పని తాను చేస్తోందా లేదా అన్నది కూడా చూడాలని తేలుతుంది.

గాదెకు మాట కూడా వచ్చు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును పట్టుకుంది. నిల్వ ఎంతుందో కొవ్వు కణాలు మెదడుకు చెప్పుకునే హార్మోను అది. మరుసటి ఏడాది హార్వీ లోడిష్ ప్రయోగశాలలో ఫిలిప్ షెరర్ అడిపోనెక్టిన్‌ను గుర్తించాడు. ఇన్సులిన్ మాట కాలేయం వినేలా చేసే హార్మోను ఇది. కొవ్వు కణమే దీన్ని తయారుచేస్తుంది. అయినా ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ రక్తంలో అడిపోనెక్టిన్ తగ్గుతుంది. కణాలు పెరిగితే సరుకు పెరగాలి కదా, ఎందుకు తగ్గుతోంది? ఈ చిక్కుముడికి జవాబు జన్యు నియంత్రణలో దొరికింది.

మొదటి ఆనవాళ్ళు

కథ విచిత్రంగా బక్కచిక్కిన రోగుల దగ్గర మొదలైంది. క్యాన్సరుతో, దీర్ఘకాలపు ఇన్‌ఫెక్షన్లతో మనుషులు ఎండిపోవడానికి కారణం వెతుకుతున్న రోజులవి. 1985లో ఫ్రాంక్ టోర్టీ, ఆంథొనీ సెరామీ తదితరులు మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు విడుదల చేసే ఒక పదార్థాన్ని, పాత్రలో పెంచిన కొవ్వు కణాలకు తగిలించారు. ఆ కణాల్లో కొవ్వుకు సంబంధించిన జన్యువులు మూగబోయాయి. ఆ పదార్థమే మనం ఇప్పుడు టీఎన్‌ఎఫ్ అంటున్నది. వాపు సంకేతానికీ కొవ్వు కణపు జన్యువులకూ మధ్య ఉన్న వైరం అప్పుడే బయటపడింది. కానీ ఊబకాయంతో దానికి సంబంధం ఉంటుందని ఎవరూ ఊహించలేదు.

1993లో బోస్టన్‌లో గోఖాన్ హోతామిస్లిగిల్, బ్రూస్ స్పీగెల్‌మన్ ఆ ముడి వేశారు. లావెక్కిన ఎలుకల కొవ్వులోనే టీఎన్‌ఎఫ్ తయారవుతోందని, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మళ్ళీ బాగా పనిచేస్తోందని చూపించారు. అప్పటిదాకా రోగనిరోధక శాస్త్రం ఒక గదిలో, జీవక్రియల శాస్త్రం మరో గదిలో ఉండేవి. వాటి మధ్య గోడకు ఈ పరిశోధన తలుపు పెట్టింది.

2003లో రెండు అమెరికన్ బృందాలు విడివిడిగా ఒకే సంగతి కనిపెట్టాయి. ఊబకాయపు కొవ్వులో మాక్రోఫేజ్‌లు గుంపులుగా చేరుతున్నాయి. సన్నటి చిట్టెలుకల కొవ్వులోని కణాల్లో అవి పది శాతం లోపే ఉంటే, లెప్టిన్ లేక విపరీతంగా లావెక్కిన వాటిలో సగానికి మించాయి. అవి ఊరికే తిరగడం లేదని 2005లో ఇటలీకి చెందిన సావెరియో చింతీ బృందం చూపింది. ఆ మాక్రోఫేజ్‌లలో నూటికి తొంభైకి పైగా, చచ్చిన కొవ్వు కణాల చుట్టూ కిరీటంలా కూర్చుని వాటి శిథిలాలను తింటున్నాయి. తర్వాత 2009లో టీ కణాలనే మరో రకం రోగనిరోధక కణాల వంతు వచ్చింది. వాపును రెచ్చగొట్టే సీడీ8 కణాలు ఊబకాయంలో పెరుగుతాయని, దాన్ని చల్లార్చే రెగ్యులేటరీ టీ కణాలు తరిగిపోతాయని అదే ఏడాది వెలువడిన పరిశోధనలు చెప్పాయి.

నిప్పు ఎక్కడ రాజుకుంది

తినడానికీ వాపుకూ ఏం సంబంధం? ఒక్క కారణంతో తేలే విషయం కాదిది. పెద్దవారిలో లావెక్కడమంటే ఎక్కువగా ఉన్న కణాలే ఉబ్బడం. వంద మైక్రాన్లు దాటి ఉబ్బిన కణం మీద ఒత్తిడి పెరుగుతుంది, ప్రోటీన్లు తయారయ్యే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అలసిపోతుంది, చివరకు కొన్ని కణాలు చచ్చిపోతాయి. కణంలోంచి కారిన కొవ్వు ఆమ్లాలు, బ్యాక్టీరియాను పసిగట్టే టీఎల్‌ఆర్4 గ్రాహకం దారిలో అలారం మోగించగలవు. పేగులోంచి రక్తంలోకి జారే బ్యాక్టీరియా శకలాలు కూడా తోడవుతాయని 2007లో బెల్జియం, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చిట్టెలుకల్లో చూపారు. ఉబ్బిన కణాలకు ప్రాణవాయువు అందకపోవడమే మూలమన్న వాదం కూడా బలంగా వినిపించింది. జంతువుల్లో దానికి సాక్ష్యముంది. మనుషుల్లో కొలిస్తే ఫలితాలు రెండు రకాలుగా వచ్చాయి. కొందరు ప్రాణవాయువు తగ్గిందన్నారు. 2011లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ బృందం మాత్రం, ఊబకాయం ఉన్న పురుషుల కొవ్వులో అది ఎక్కువే ఉందని చూపింది. నిప్పురవ్వ ఏదైనా కావచ్చు. మంట చేరే చోటు మాత్రం కణ కేంద్రకమే.

కూలీలను ఎత్తుకుపోయిన మేస్త్రీ

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్న డీఎన్‌ఏ ఒకటే. కన్ను కన్నుగా, కాలేయం కాలేయంగా ఉండడానికి కారణం, ఏ కణం ఏ జన్యువులను చదువుతుందన్నదే. కొవ్వు కణంలో ఈ చదువు చెప్పించే పెద్ద మేస్త్రీ పీపార్-గామా అనే ప్రోటీను. 1994లో స్పీగెల్‌మన్ ప్రయోగశాలలో పీటర్ టొంటొనోజ్ దీని శక్తిని చూపాడు. ఇంకా ఏ పనీ నేర్వని ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో దీన్ని ప్రవేశపెడితే అవి కొవ్వు కణాలుగా మారాయి. సీ/ఈబీపీ-ఆల్ఫా అనే మరో ప్రోటీను దీనికి కుడిభుజం. అడిపోనెక్టిన్, గ్లూకోజును లోపలికి తెచ్చే గ్లూట్4, కొవ్వు చుక్క చుట్టూ కాపలా కాసే పెరిలిపిన్ వంటి వాటి జన్యువులు ఈ జోడీ చెప్పినట్టు వింటాయి.

వాపు వైపు మేస్త్రీ ఎన్‌ఎఫ్-కప్పాబీ. మామూలు రోజుల్లో అది కేంద్రకం బయట కట్టుబడి ఉంటుంది. టీఎన్‌ఎఫ్ వచ్చి కణం తలుపు తట్టగానే ఐకేకే అనే ఎంజైము కట్లు తెంపుతుంది. ఎన్‌ఎఫ్-కప్పాబీ కేంద్రకంలోకి దూకి, ఇంటర్‌లూకిన్-6 వంటి వాపు సంకేతాల జన్యువులనూ, మరిన్ని మాక్రోఫేజ్‌లను పిలిచే ఎంసీపీ-1 జన్యువునూ మేల్కొల్పుతుంది. వచ్చిన మాక్రోఫేజ్‌లు మళ్ళీ టీఎన్‌ఎఫ్ విడుదల చేస్తాయి. ఒకదాన్నొకటి ఎగదోసుకునే వలయమిది.

ఇంతవరకు అందరూ చెప్పేదే. 2002లో లోడిష్ ప్రయోగశాల ఇంకో అడుగు వేసింది. టీఎన్‌ఎఫ్ తగిలిన కొవ్వు కణాల్లో కొవ్వు కణపు ప్రత్యేక జన్యువులు అణగిపోవడమే కాక, ఆ కణం ఇంకా కొవ్వు కణం కాకముందు పలికిన జన్యువులు మళ్ళీ పలకడం మొదలుపెట్టాయి. ఎదిగిన కణం బాల్యంలోకి జారిపోతోందన్నమాట. ఎన్‌ఎఫ్-కప్పాబీ లేకుండా ఈ మార్పు జరగదని కూడా వారు నిరూపించారు.

మేల్కొల్పడం ఎన్‌ఎఫ్-కప్పాబీ వృత్తి కదా, అది జన్యువులను ఎలా అణుస్తుంది? నా దృష్టిలో ఈ రంగంలోకెల్లా అందమైన జవాబు 2015లో డెన్మార్క్‌లోని సూసన్ మాండ్రప్ బృందం నుంచి వచ్చింది. పీపార్-గామా వంటి మేస్త్రీలు ఒంటరిగా పని చేయలేరు. మీడియేటర్ వంటి సహాయక ప్రోటీన్లు కూలీల్లా వచ్చి చేరాలి. కణం తన గుర్తింపుకు కీలకమైన జన్యువుల దగ్గర సూపర్ ఎన్‌హాన్సర్లు అనే డీఎన్‌ఏ ప్రాంతాల్లో ఈ కూలీలను పెద్ద సంఖ్యలో దింపి ఉంచుతుంది. టీఎన్‌ఎఫ్ తగిలిన కొద్ది సేపటికే ఆ కూలీలు అక్కణ్ణుంచి లేచి, ఎన్‌ఎఫ్-కప్పాబీ నిలబడ్డ కొత్త చోట్లకు వెళ్ళిపోయారు. వారిని పోగొట్టుకున్న సూపర్ ఎన్‌హాన్సర్ల కింది జన్యువులే అణగిపోయాయి.

నాట్ల రోజుల్లో పల్లెలో ఉన్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఊళ్ళో ఉన్న కూలీలు అంతమందే. పక్క చేను వాళ్ళు అందరినీ పిలుచుకుపోతే, మన మళ్ళో నారు అలాగే వాడిపోతుంది. ఎవరూ మన పొలాన్ని పాడుచేయలేదు, పని చేసేవాళ్ళు లేకుండా పోయారంతే. ఎక్కువ మంది కూలీలతో నడిచే పెద్ద పొలానికే ఎక్కువ నష్టం. కణపు గుర్తింపు జన్యువులే ముందుగా దెబ్బతినడానికి కారణం ఇదే.

మేస్త్రీ మీద కూడా నేరుగా దెబ్బ పడుతుంది. వాపు సంకేతాలు సీడీకే5 అనే ఎంజైమును ఉసిగొల్పుతాయని, అది పీపార్-గామాలోని 273వ స్థానంలో ఉన్న సెరీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుందని 2010లో స్పీగెల్‌మన్ బృందం చూపింది. ఆ ఫాస్ఫేటుతో మేస్త్రీ మూగబోడు, కొన్ని ఆజ్ఞలు మాత్రం మరిచిపోతాడు. అలా మరిచిన వాటిలో అడిపోనెక్టిన్ ఒకటి. ఇది చాలదన్నట్టు, వాపు కారణంగా పెరిగే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-155 పీపార్-గామా తయారీనే తగ్గిస్తుంది. మొదట వేసిన చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది. కొవ్వు పెరిగినా అడిపోనెక్టిన్ ఎందుకు తగ్గుతుందంటే, దాని జన్యువు మీద ఒకేసారి మూడు వైపుల నుంచి ఒత్తిడి పడుతోంది. పెరిలిపిన్ కాపలా కూడా సడలడంతో గాదె కారుతుంది. కారిన కొవ్వు కాలేయానికీ కండరాలకూ చేరి ఇన్సులిన్‌కు అడ్డం పడుతుంది.

మానిన పుండు, మాయని మచ్చ

కూలీలు వెళ్ళినా తిరిగి రావచ్చు, ఫాస్ఫేటు ఊడిపోవచ్చు. కొన్ని గుర్తులు అంత తేలికగా పోవు. డీఎన్‌ఏ మీద అతుక్కునే మిథైల్ గుంపులూ, డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది రసాయన ముద్రలూ ఆ కోవలోవి. జన్యువులోని అక్షరాలు మారవు, పుస్తకంలో కొన్ని పుటలు అంటుకుపోతాయి. వాపు సంకేతాలు డీఎన్‌ఎమ్‌టీ1 అనే ఎంజైమును ఎగదోసి, అడిపోనెక్టిన్ జన్యువు మొదట్లో మిథైల్ గుంపులను పెంచుతాయని 2015లో సియోల్ శాస్త్రవేత్తలు చూపారు. ఆ ఎంజైమును అడ్డుకుంటే చిట్టెలుకల్లో అడిపోనెక్టిన్ మళ్ళీ పెరిగింది, చక్కెర అదుపులోకి వచ్చింది.

2024 చివర జ్యూరిక్‌లోని ఫెర్డినాండ్ ఫొన్ మైయెన్ బృందం ప్రచురించిన ఫలితం ఈ చర్చను రోగి ఇంటి గడపలోకి తెచ్చింది. శస్త్రచికిత్సతో బాగా బరువు తగ్గినవారి కొవ్వును, ముందూ తర్వాతా తీసి పోల్చారు. ఊబకాయం నాటి జన్యు పలుకుల్లో కొన్ని, బరువు తగ్గి రెండేళ్ళయినా అలాగే ఉన్నాయి. చిట్టెలుకల్లో ఇంకా లోతుకు వెళ్ళి, కొవ్వు కణాల హిస్టోన్ ముద్రల్లో ఆ జ్ఞాపకం నిలిచి ఉందని చూపారు. ఒకప్పుడు లావుగా ఉండి సన్నబడ్డ చిట్టెలుకలకు మళ్ళీ కొవ్వు మేత పెడితే, ఎన్నడూ లావెక్కని వాటికంటే త్వరగా బరువు పెరిగాయి. ఆ ముద్రలే ఈ పెరుగుదలకు కారణమని చెప్పాలంటే, వాటిని చెరిపి చూసే ప్రయోగాలు రావాలి.

దీని పక్కన 2008 నాటి మరో ఫలితాన్ని పెట్టి చదవాలి. స్టాక్‌హోమ్‌లో కర్స్టీ స్పాల్డింగ్ బృందం, ప్రచ్ఛన్నయుద్ధ కాలపు అణుపరీక్షలు గాలిలో వదిలిన కార్బన్-14ను గడియారంగా వాడి కొవ్వు కణాల వయసు కొలిచింది. ఏడాదికి సుమారు పది శాతం కణాలే కొత్తవాటికి చోటిస్తాయి. జ్ఞాపకం మోసే కణం ఒంట్లో ఏళ్ళ తరబడి ఉంటుందన్నమాట.

ఎదురు సాక్ష్యం

ఇంతదూరం వచ్చాక, వాపును అణిచేస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆశ పాతదే. 1876లోనే జర్మనీలో విల్‌హెల్మ్ ఎబ్‌స్టైన్ సోడియం సాలిసిలేట్‌తో మధుమేహ రోగుల మూత్రంలో చక్కెర తగ్గిందని రాశాడు. అది ఐకేకే దారిని అడ్డుకుంటుందని 2001లో స్టీవెన్ షోల్సన్ బృందం ఎలుకల్లో వివరించింది. కానీ రోగుల మీద జరిగిన పరీక్షలు ఆశను అదుపులో పెట్టాయి. 1996లో టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీని ఊబకాయంతో ఉన్న మధుమేహ రోగులకిస్తే ప్రయోజనం కనిపించలేదు. అదే కుటుంబానికి చెందిన సాల్సలేట్‌ను 286 మందితో 48 వారాలు పరీక్షించినప్పుడు, 2013 నాటి ఫలితం ప్రకారం, చక్కెర అదుపును చూపే హెచ్‌బీఏ1సీ సుమారు 0.37 పాయింట్లు తగ్గింది. మేలే, కానీ చిన్న మేలు. 10,061 మంది హృద్రోగులతో జరిగిన కాంటోస్ పరీక్షలో ఇంటర్‌లూకిన్-1 బీటా అనే మరో వాపు సంకేతాన్ని అడ్డుకుంటే రక్తంలో వాపు సూచికలు తగ్గాయి గానీ, కొత్తగా మధుమేహం రావడం ఆగలేదు.

2014లో షెరర్ ప్రయోగశాల ఇంకా గట్టి ప్రశ్న వేసింది. కొవ్వు కణాల్లో వాపు సంకేతాలు పనిచేయకుండా చేసిన చిట్టెలుకలు బాగుపడాలి కదా? అవి దెబ్బతిన్నాయి. కొవ్వు మేత పెట్టినప్పుడు వాటి కొవ్వు కణజాలం సరిగా విస్తరించలేకపోయింది, మిగులు కాలేయానికి చేరింది. గాదెను పెద్దది చేయాలంటే పాత గోడ కొంత కూల్చాలి, ఆ కూల్చే పనికి కాస్త వాపు అవసరం. పొయ్యిలో ఉన్నంతసేపు నిప్పు వంట చేస్తుంది, ఆరకుండా నెలలూ ఏళ్ళూ మండుతూ పోతేనే ఇల్లు కాలుతుంది. అందువల్ల వాపు మొత్తాన్నీ శత్రువనుకునే మందు కంటే, కొవ్వు కణానికి తన పని గుర్తుచేసే మందు మీద నాకు ఎక్కువ నమ్మకం.

అలాంటి మందు ఇప్పటికే మన మందుల షాపుల్లో ఉంది. పయోగ్లిటజోన్ నేరుగా పీపార్-గామాకు అతుక్కుంటుంది. దాన్ని వాడినవారికి బరువు కొంచెం పెరుగుతుంది, చక్కెర తగ్గుతుంది. నీరు పట్టడం, ఎముకలు పలచబడడం వంటి దుష్ఫలితాలు దాని వాడకానికి హద్దు గీశాయి. అయినా అది నేర్పిన పాఠం గొప్పది. 2007లో షెరర్ బృందం, లెప్టిన్ లేని చిట్టెలుకల్లో అడిపోనెక్టిన్‌ను కొంచెం పెంచి చూసింది. అవి మునుపటికంటే విపరీతంగా లావెక్కాయి. వాటి కొవ్వులో మాక్రోఫేజ్‌లు తగ్గాయి, చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. బలుపు పెరిగి వాపు తగ్గితే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా ఏ ప్రయోగమూ చెప్పలేదు.

మన ఒంటి సంగతి

ఈ శాస్త్రం మనకు ఇంకా దగ్గరిది. 2004లో పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ తమ ఫొటోను లాన్సెట్ వైద్య పత్రికలో వేయించారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎమ్ఐ ఇద్దరిదీ 22.3. యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. డాలస్‌లో 2007లో జరిగిన అధ్యయనంలో దక్షిణాసియా పురుషుల పొట్ట చర్మం కింది కొవ్వు కణాలు తెల్లవారి కణాలకంటే పెద్దవిగా, రక్తంలో అడిపోనెక్టిన్ తక్కువగా ఉన్నాయి. ఉబ్బిన కణం, తరిగిన అడిపోనెక్టిన్: పైన చెప్పుకున్న కథంతా, లావుగా కనిపించని మనుషుల్లోనే మొదలవుతోంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు. బీఎమ్ఐ లెక్కన ఊబకాయం 28.6 శాతం మందిలో ఉంటే, నడుము కొలత లెక్కన 39.5 శాతం మందిలో ఉంది. ఈ రెంటి మధ్య తేడాలో ఉన్నవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు. సన్నటి చేతులు, పలచటి ముఖం, ముందుకొచ్చిన పొట్ట. బరువు చూసి ఏమీ లేదనుకుంటాం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో 1996లో గుర్తించిన డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ అనే ఊబకాయపు ఎలుకల వంశం ఉంది. వాటి ఒంట్లో లెప్టిన్ పుష్కలంగా ఉన్నా మెదడు దాని మాట వినదు. లావెక్కిన మనుషుల్లో ఎక్కువమంది స్థితి అదే. విదేశాల్లో పాత్రలో పెంచిన కణాల మీద తేల్చిన కూలీల కథ, చిట్టెలుకల మీద తేల్చిన మిథైల్ గుర్తుల కథ మన దగ్గరి ఎలుకల్లో, ఆపై మన మనుషుల కొవ్వులో ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి కావలసిన సరంజామా మన ఊళ్ళోనే ఉంది. ఆ పని ఇక్కడే జరగాలని నా కోరిక.

తూకం చెప్పనిది

మొత్తం సాక్ష్యాన్ని తూచి చూస్తే ఒకటి గట్టిగా చెప్పవచ్చు. ఊబకాయంలో వాపు కొవ్వు కణపు జన్యు నియంత్రణను మార్చుతుంది, దానివల్ల కణం తన గుర్తింపును కోల్పోతుంది. ఇందులో అనుమానం లేదు. మనుషుల మధుమేహంలో వాపు ఒక్కదాని వాటా ఎంతన్నది మాత్రం, మందుల పరీక్షల ప్రకారం, మొదట్లో అనుకున్నంత లేదు. జ్ఞాపకం సంగతి ఈ రంగంలో కొత్త ద్వారం.

పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో మనవాళ్ళు ఎదురుపడగానే ఒంటి గురించే మాట్లాడతారు. ఒళ్ళు చేశావంటారు. కష్టపడి పదిహేను కిలోలు తగ్గి, రెండేళ్ళకు మళ్ళీ పెరిగిన మనిషిని నోరు కట్టుకోలేదంటారు. ఆ మనిషి నోరు కట్టుకునే ఉండవచ్చు. అతని ఒంట్లోని కోట్లాది కణాల్లో పాత ముద్రలు ఇంకా చెరిగి ఉండకపోవచ్చు, ఏడాదికి పదో వంతు కణాలే మారతాయి. బరువు తగ్గిన రోజుతో చికిత్స ముగిసిందని డాక్టరు ఫైలు మూసేయకూడదు, ఇంట్లోవాళ్ళు పాత వంటకు తిరిగి వెళ్ళకూడదు. అతనికి తోడు కావలసింది నెలలు కాదు, ఏళ్ళు.